ముందు సూది మార్చాలా, ఫోనో ప్రీఆంప్ మార్చాలా? (ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్)

గడియారం_సెంటర్ (నల్గొండ)

అందరికీ నమస్తే. నా దగ్గర ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) ఉంది. దానితో వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జే (సూది బిగించి ఉండే, దాని కదలికను సిగ్నల్‌గా మార్చే ముక్క) ఇంకా నడుస్తోంది. ఆ సన్నని సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీఆంప్ కూడా టర్న్‌టేబుల్ లోపల ఉన్నదే వాడుతున్నాను. అక్కడి నుంచి స్టీరియో ఆంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. రికార్డులు ఎక్కువగా నాన్నగారివి: సినిమా ఈపీలు (చిన్న రికార్డులు), ఎల్పీలు (పెద్దవి), కొన్ని హరికథలు, కొంత కర్ణాటక సంగీతం. మిగతావి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఏరుకొచ్చినవి.

ఇబ్బందులు రెండు. ఎల్పీ మొదటి పాట మంచిగా వస్తుంది. లేబుల్ దగ్గరి పాటకు వచ్చేసరికి గొంతు చిరుగుతుంది. సుశీల గారు 'స' అన్న ప్రతిచోటా 'ష్ష్' అని చెవికి గుచ్చుకుంటుంది. ఇక రెండోది, పాటకూ పాటకూ మధ్య గుయ్‌మని ఒక మోత, దాని మీద సన్నని బుస. వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి.

దసరాకి కొంత డబ్బు పక్కన పెట్టుకున్నాను. డెనాన్ డీఎల్-103 కార్ట్రిడ్జ్ గురించి చాలా చోట్ల చదివాను. అదీ, దానికి తగ్గ ప్రీఆంపూ ఒకేసారి తెప్పించుకుందామని ఉంది. తొందరపడుతున్నానా? మీరేమంటారు?

మిర్యాలగూడ_స్టీరియో

అన్నా, నాదీ అదే మోడల్. ముందు ఆ లోపలి ప్రీఆంప్‌ను పక్కన పెట్టు. బయటి ప్రీఆంప్ కలిపిన రోజే నా సిస్టమ్‌లో బుస తగ్గింది, బాస్ బిగువుగా వచ్చింది. సూది ఎంత మంచిదైనా సిగ్నల్ అంతా ఆ చిన్న బోర్డు గుండానే పోవాలి కదా. కార్ట్రిడ్జ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పాలమూరు_శ్రోత (మహబూబ్‌నగర్)

నల్గొండ తమ్ముడూ, నువ్వు చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. ఒకే మందుతో రెండూ పోవు. గొంతు చిరగడం సూదీ గాడీ కలిసేచోట పుడుతుంది. మోత, బుస వైర్లలోనూ ప్రీఆంప్‌లోనూ పుడతాయి. గాడి దగ్గర ఒకసారి చెడిన శబ్దాన్ని ఎంత ఖరీదైన ప్రీఆంప్ అయినా బాగు చేయలేదు, ఉన్నదాన్ని పెంచి పంపుతుంది, అంతే. అందుకే రెండూ ఒకేసారి కొనొద్దు. ఏది మారిస్తే ఏం మారిందో నీకు తెలియకుండా పోతుంది.

లేబుల్ దగ్గరే ఎందుకు చిరుగుతుందో కొంచెం లెక్క చూద్దాం. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. బయటి అంచున సూది కింద నుంచి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్ల గాడి పోతుంది. లోపల, లేబుల్‌కు దగ్గరగా, 21 సెంటీమీటర్లే. అంటే అదే 'స' అక్షరాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించి కోశారన్నమాట. 10 కిలోహెర్ట్జ్ శబ్దం తీసుకుంటే అక్కడ ఒక్కో అల పొడవు 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మామూలు గుండ్రటి, అంటే కోనికల్ సూది మొన వ్యాసార్థం దాదాపు 18 మైక్రాన్లు. ఇంత లావు మొన అంత చిన్న అలలోకి దిగలేదు. వంపుల మీద గీసుకుంటూ పోతుంది. నువ్వు వినే 'ష్ష్' అదే.

నీ వీఎం95ఈలో ఉన్నది ఎలిప్టికల్ సూది, పక్క వ్యాసార్థం 0.3 మిల్, అంటే ఏడెనిమిది మైక్రాన్లు. కోనికల్ కంటే చాలా నయం. అయినా పాత రికార్డుల చివరి పాటకు అది చాలడం లేదంటే మూడు చూడాలి: అది అరిగిందా, వంకరగా బిగించి ఉందా, బరువు సరిగ్గా ఉందా. ఆడియో టెక్నికా చెప్పే లెక్కలో ఎలిప్టికల్ సూదికి 300 గంటలు, కోనికల్‌కు 500, ఇంకా సన్నగా చెక్కిన మొనలైన షిబాటాకు 800, మైక్రోలైన్‌కు 1000. రోజుకు గంట విన్నా ఏడాది తిరగకుండానే నీ సూది ఆయుష్షు తీరిపోతుంది.

ఇంకో మంచి మాట. వీఎం95 సిరీస్ మొత్తానికీ బాడీ ఒక్కటే. సూది ముక్క లాగేసి పైమెట్టుది పెట్టుకోవచ్చు. వీఎం95ఎంఎల్ అనే మైక్రోలైన్ సూది తెప్పిస్తే మొన పక్క వ్యాసార్థం 0.12 మిల్, మూడు మైక్రాన్లు. కార్ట్రిడ్జ్ విప్పే పని లేదు, వైర్లు ముట్టుకునే పని లేదు. నాకైతే నీ డబ్బులో మొదటి రూపాయి అక్కడే పెట్టాలని గట్టిగా అనిపిస్తుంది.

గడియారం_సెంటర్

సార్, చాలా థాంక్స్. సూది బరువు టోన్‌ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చేయి) చక్రం మీద 2 గ్రాములకు పెట్టాను. అది చాలదా? సూది ఎన్ని గంటలు నడిచిందో లెక్క లేదు, కానీ కొన్నప్పటి నుంచీ అదే.

పాలమూరు_శ్రోత

2 గ్రాములు కరెక్టే, 1.8 నుంచి 2.2 దాకా దాని పరిధి. కానీ చక్రం మీది అంకెను నమ్మొద్దు, డిజిటల్ స్టైలస్ కాటా ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకో. బంగారం తూచే కాటా వాడేవాళ్లూ ఉన్నారు, దాంట్లో రెండు చిక్కులున్నాయి. దాని పళ్లెం రికార్డు కంటే ఎత్తులో ఉంటుంది, అప్పుడు రీడింగ్ మారుతుంది. పళ్లెం ఇనుముది అయితే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి అంకెను పాడు చేస్తుంది.

తర్వాత అలైన్‌మెంట్, అంటే కార్ట్రిడ్జ్ గాడికి నేరుగా కూర్చునేలా సరిచేయడం. దానికి గీతలు గీసిన ప్రొట్రాక్టర్ కాగితం ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసేటప్పుడు సైజు నూటికి నూరు శాతం ఉండేలా చూసి, స్కేలు పెట్టి కొలుచుకో. బేర్‌వాల్డ్ పద్ధతిలో రికార్డు నడి మధ్య నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 120.9 దగ్గర ఒకటి, రెండు బిందువులుంటాయి. రెండుచోట్లా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా కూర్చోవాలి. హడావిడిగా చేసే పని కాదు. పగటి వెలుతురులో, ఫ్యాన్ ఆపి, స్క్రూలు సగం బిగించి, కొంచెం కొంచెం జరుపుతూ చెయ్.

సోల్డర్_పాలమూరు (జడ్చర్ల)

సూది గురించి సార్ చెప్పేశారు. మోత గురించి నేను చెప్తాను. ప్రీఆంప్‌లు కట్టడం, బాగు చేయడమే నా పని.

ఫోనోకే ఈ గుయ్‌మనే గోల ఎందుకు, బ్లూటూత్‌కు ఎందుకు లేదు అని చాలామంది అడుగుతారు. ఎంఎం, అంటే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (నీ వీఎం95 ఈ రకమే) ఇచ్చేది 4, 5 మిల్లీవోల్టులు. ప్రీఆంప్ దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచాలి. దానికి తోడు ఆర్‌ఐఏఏ కర్వ్ ఒకటి ఉంది. రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గించి, పైస్థాయి శబ్దాలు పెంచి కోస్తారు. బాస్ తగ్గిస్తే గాడి సన్నగా వచ్చి ఒక పక్కన ఎక్కువ నిమిషాలు పడతాయి. పైవి పెంచితే గాడి గరగర కింద మునిగిపోవు. వినేటప్పుడు ప్రీఆంప్ దీన్ని తిరగేయాలి. 1954లో అందరూ ఒక కర్వ్‌కు వచ్చారు: 3180, 318, 75 మైక్రోసెకన్లు. ఈ తిరగేసే పనిలో 50 హెర్ట్జ్ శబ్దం 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే దాదాపు 17 డెసిబెల్స్ ఎక్కువ పెరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జే. ఇంట్లో వైరింగ్ ఎక్కడ కొంచెం లీకైనా ఫోనో దాన్నే ఎత్తి చూపిస్తుంది.

అన్నా, ఈ పరీక్షలు వరసగా చెయ్, ఒక్క రూపాయి ఖర్చు లేదు:

ఆంప్లిఫయర్‌ను వేరే ఇన్‌పుట్‌కు మార్చి వాల్యూమ్ పెంచు. అక్కడా మోత ఉంటే తప్పు టర్న్‌టేబుల్‌ది కాదు. లేకపోతే ఫోనోకు తిరిగి వచ్చి, పళ్లెం ఆపి, సూది పైకి ఎత్తే ఉంచి, ఆర్మ్‌ను చేత్తో మెల్లగా లోపలికీ బయటికీ జరుపు. జరిపిన కొద్దీ మోత మారితే దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ కాయిల్స్ పట్టుకుంటున్నాయి. ఆర్మ్ లోహపు భాగాన్ని వేలితో ముట్టుకుంటే మోత తగ్గినా పెరిగినా ఎర్త్ సమస్య. ఫ్యాన్ రెగ్యులేటర్‌ను తిప్పితే శబ్దం మారుతుందంటే ఆ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌దే గోల. దాని బజ్ పదునుగా, గరగరగా ఉంటుంది, గుయ్‌మని ఉండదు. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఒకసారి, కరెంటు మీద ఒకసారి విను. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే తేడా వెంటనే తెలుస్తుంది.

మిర్యాలగూడ_స్టీరియో

సార్ చెప్పిన లెక్క కాదనను. కానీ నా అనుభవం నాది. సూది మార్చకుండా ప్రీఆంప్ ఒక్కటే మార్చాను, పాట మొత్తం తెరుచుకుంది. పైస్థాయి శబ్దాల్లో తేడా స్పష్టంగా విన్నాను. దానికి ఏమంటారు?

సోల్డర్_పాలమూరు

నువ్వు విన్నది నిజమే అయ్యుంటుంది. కారణం చాలావరకు కెపాసిటెన్స్. ఎంఎం కార్ట్రిడ్జ్ లోపల కాయిల్ ఉంది, దానికి ఇండక్టెన్స్ ఉంది. వైరు, ప్రీఆంప్ ఇన్‌పుట్ కలిపి కొన్ని పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒకచోట రెజొనెన్స్ కొడతాయి, అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం గుట్టలా లేస్తుంది. వీఎం95 బాడీ 550 మిల్లీహెన్రీలు. మొత్తం కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు ఉంటే ఆ గుట్ట 21 కిలోహెర్ట్జ్ పైన, చెవికి అందనిచోట పడుతుంది. 300కు పోతే 12 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగి, అక్కడ పదును పెంచి దాని పైనంతా కోసేస్తుంది. అందుకే ఆ కంపెనీ 100 నుంచి 200 మధ్య ఉంచమంటుంది. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అనే కార్ట్రిడ్జ్‌కు వేరే లెక్క, 150 నుంచి 300.

మామూలు ఆర్‌సీఏ వైరు మీటరుకు వంద పికోఫారడ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. టోన్‌ఆర్మ్ లోపలి వైరు కొంత కలుపుతుంది. ప్రీఆంప్ ఇన్‌పుట్‌లో కంపెనీ పెట్టిన కెపాసిటర్ ఇంకో వందో రెండు వందలో కలపొచ్చు. పాత జపాన్ ఆంప్లిఫయర్ల ఫోనో ఇన్‌పుట్‌లలో 220, 330 కూడా చూశాను. నీ ప్రీఆంప్ మారినప్పుడు ఈ మొత్తం మారింది తమ్ముడూ. కొత్త వైరు పొట్టిది పెట్టి ఉంటే ఇంకా మారింది. తేడా నిజమే, కానీ అది పెట్టె ఖరీదు వల్ల వచ్చింది కాకపోవచ్చు.

మిర్యాలగూడ_స్టీరియో

వైరు కూడా మార్చాను, అవును. అర మీటరుది పెట్టాను. ఇది నాకు కొత్త విషయం. పాత రెండు మీటర్ల వైరు మళ్లీ పెట్టి విని చెప్తాను.

వీణ_వనపర్తి

సూది, ప్రీఆంప్ గురించి అందరూ చెప్తున్నారు, రికార్డు శుభ్రత గురించి ఎవరూ అడగలేదు. గడియారం సెంటర్ గారూ, మీ నాన్నగారి రికార్డులు ఎలా కడుగుతున్నారు? కొత్త మైక్రోలైన్ సూది గాడిలో ఇంకా లోతుకు దిగుతుంది. ఇన్నాళ్లూ పాత సూది తాకని దుమ్ము, బూజు దానికి తగులుతాయి. కడగకుండా పెడితే కొత్త సూదితో చిటపటలు ఎక్కువయ్యాయని మీరే బాధపడతారు.

నేను కచేరీ ఎల్పీలు వింటాను. తంబురా శ్రుతి మీద ఒక్క చిటుక్కుమన్నా నాకు మనసు ఉండదు. అందుకే ఈ విషయం పట్టించుకుంటాను.

గడియారం_సెంటర్

అక్కా, మెత్తటి గుడ్డ తడిపి తుడుస్తున్నాను. బోరు నీళ్లే.

వీణ_వనపర్తి

బోరు నీళ్లు వెంటనే ఆపండి తమ్ముడూ. నల్గొండ బోరు నీళ్ల సంగతి నేను చెప్పాలా? ఫ్లోరైడ్ వల్ల తరాలుగా ఎముకలు వంగిపోయిన ఊళ్లున్న జిల్లా. మా వైపు కూడా నీళ్లు గట్టివే. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఆ ఉప్పే రికార్డు గాడిలోనూ ఆరిపోతుంది. దాని మీద సూది నడిస్తే చిటపటలు, గాడికీ సూదికీ అరుగుదల.

డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు ప్రతి ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతాయి. డబ్బా మీద డిస్టిల్డ్ అనో డీమినరలైజ్డ్ అనో రాసి ఉన్నది, సీలు ఉన్నది తీసుకోండి. లీటరు నీళ్లలో రెండు మూడు చుక్కల వాసన లేని డిష్‌వాష్ ద్రవం వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా రుద్దండి. అడ్డంగా రుద్దొద్దు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి నీడలో ఆరబెట్టండి. లేబుల్ తడవకుండా చూసుకోండి, పాత లేబుళ్ల రంగు వదిలేస్తుంది. కవరు లోపలి పాత కాగితం సంచులు మార్చేయండి, వాటి దుమ్మే మళ్లీ అంటుకుంటుంది.

మార్చి నుంచి మన గాలిలో తేమ ఉండదు కదా. అప్పుడు రికార్డు కవర్లోంచి తీస్తుంటేనే స్టాటిక్ పుడుతుంది. కార్బన్ ఫైబర్ బ్రష్ పెట్టుకుంటే చిటపటల్లో కొంత అక్కడే పోతుంది.

గడియారం_సెంటర్

అక్కా, ఇది చాలా పెద్ద సాయం. పరీక్షలు కూడా చేశాను. ఆర్మ్ లోపలికి జరిపితే మోత తగ్గింది, బయటికి జరిపితే పెరిగింది. ఆర్మ్ ముట్టుకుంటే కూడా కొంచెం మారింది. ఫ్యాన్‌తో తేడా లేదు. ఆంప్లిఫయర్ టర్న్‌టేబుల్‌కు కుడి పక్కనే, ఆనుకుని ఉంది.

సోల్డర్_పాలమూరు

రెండు కారణాలు కలిశాయి. ఆంప్లిఫయర్‌ను కనీసం రెండడుగుల దూరం జరుపు, వీలైతే ఎడమ వైపుకు మార్చు. కుడి పక్క ఆర్మ్ ఉంటుంది, కార్ట్రిడ్జ్ ఎక్కువ సేపు అటే ఉంటుంది. టర్న్‌టేబుల్ అడాప్టర్‌ను కూడా ఆర్మ్ దగ్గర పెట్టొద్దు.

ఇక ఎర్త్. టర్న్‌టేబుల్ వెనుక గ్రౌండ్ స్క్రూ ఉంది, దాన్నుంచి ఆంప్లిఫయర్ గ్రౌండ్ టెర్మినల్‌కు ఒక వైరు కలిపి చూడు. దాంతో పోకపోతే ఇంటి ఎర్త్ చూపించాలి. మన పక్క ఇళ్లల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రం వెనుక వైరే ఉండదు. ఉన్నా, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంత అయితే ఎండాకాలం దాంట్లో నీళ్లు పోస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించు. ఈ పని మాత్రం నువ్వు చెయ్యొద్దు. అలాగే మోత పోతుందని ఆంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వినొద్దు. ప్రాణం మీదికి వస్తుంది.

పాలమూరు_శ్రోత

టర్న్‌టేబుల్ దేని మీద పెట్టావు తమ్ముడూ? స్పీకర్లున్న బల్ల మీదే అయితే వాటి కంపనం తిరిగి సూదికి ఎక్కుతుంది. పాత ఇంట్లో గోడలో దిగేసిన షాబాద్ బండ సజ్జ ఉంటే దానికి మించిన స్టాండ్ లేదు. మాది తాండూరు బండ, గోడకు బిగించి ఉంది. పిల్లలు గదిలో గెంతినా సూది ఎగరదు.

గడియారం_సెంటర్

ఉంది సార్, షాబాద్ బండ సజ్జే. దాని మీద పాత పుస్తకాలున్నాయి, తీసి టర్న్‌టేబుల్ అక్కడికి మారుస్తాను. డీఎల్-103 మాట మీరెవరూ ఎత్తలేదు. అది నాకు పనికిరాదా?

పాలమూరు_శ్రోత

పనికిరాదని కాదు. నాకు ఇష్టమైన కార్ట్రిడ్జ్ అది. 1960ల మొదట్లో డెనాన్ జపాన్ రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం చేసింది, ఇప్పటికీ తయారవుతోంది. గొంతుకు నిండుదనం ఇస్తుంది. కానీ ముందు నాలుగు సంగతులు తెలియాలి.

అది మూవింగ్ కాయిల్ (ఎంసీ) రకం. ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులే. ప్రీఆంప్‌కు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, అంటే వెయ్యి రెట్లు. ఇప్పుడు వినిపిస్తున్న మోతను ముందు పోగొట్టకపోతే అప్పుడు గుయ్ అనేది పాటతో సమానంగా వస్తుంది. ఎంఎం ప్రీఆంప్ ముందు స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా పని జరుగుతుంది. ఒకటికి పది రెట్ల ట్రాన్స్‌ఫార్మర్ 20 డెసిబెల్స్ ఇస్తుంది, ప్రీఆంప్‌లోని 47 కిలో ఓమ్‌లు కార్ట్రిడ్జ్‌కు 470 ఓమ్‌లుగా కనిపిస్తాయి. 40 ఓమ్‌ల ఈ కార్ట్రిడ్జ్‌కు అది సరిపోతుంది. అయితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మోతను పట్టుకునే వస్తువే.

దాని మొన గుండ్రటి కోనికల్. నీ బాధ లేబుల్ దగ్గర చిరగడం. మరి పైన చెప్పిన లెక్కలో అది ఎటు పడుతుందో చూడు.

సూది ఇంట్లో మార్చుకునేది కాదు. అరిగితే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి, లేదా రీటిప్ చేసేవాళ్లకు, అంటే కొత్త మొన అతికించేవాళ్లకు పంపాలి.

చివరిది ఆర్మ్ బరువు. ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి ఊగే ఫ్రీక్వెన్సీ 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. 159ని, మొత్తం బరువు ఇంటూ కంప్లయన్స్ (సూది ఎంత సులువుగా కదులుతుందో చెప్పే అంకె) వర్గమూలంతో భాగించాలి. 12 గ్రాముల ఆర్మ్‌కు 2ఎం రెడ్ బిగిస్తే: 7.2 గ్రాములు కార్ట్రిడ్జ్, స్క్రూలు కలిపి మొత్తం 20. కంప్లయన్స్ 20. రెంటినీ గుణిస్తే 400, వర్గమూలం 20, ఫలితం దాదాపు 8 హెర్ట్జ్. అంచున ఉంది కానీ నడుస్తుంది. డీఎల్-103 సస్పెన్షన్ గట్టిది, బరువైన ఆర్మ్ దానికి సుఖం. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి ఇస్తాయి, 10 హెర్ట్జ్ దగ్గర విలువ దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. ఆ మార్పు చేయకుండా లెక్కేస్తే తప్పు జవాబు వస్తుంది.

మన ఎండలు కూడా మర్చిపోవద్దు. మూవింగ్ కాయిల్ అయినా, మూవింగ్ మాగ్నెట్ అయినా సస్పెన్షన్ రబ్బరే. ఆర్టోఫోన్ లాంటి కంపెనీలు 23 డిగ్రీల దగ్గర వాడమంటాయి. మే నెల మధ్యాహ్నం మన మేడ మీది గదిలో ఎంతుంటుందో నీకు తెలుసు. రబ్బరు మెత్తబడుతుంది, రికార్డులు వంగుతాయి. మా ఇంట్లో ఎండాకాలం పాటలు తెల్లవారుజామునే.

మిర్యాలగూడ_స్టీరియో

పాత వైరు మళ్లీ పెట్టి విన్నాను. సోల్డర్ అన్న మాట నిజం. నాకు వినిపించిన తేడాలో పెద్ద భాగం వైరుదే. రెండు మీటర్ల వైరుతో కొత్త ప్రీఆంప్ కూడా గొంతు మీద అదే గరుకు చూపిస్తోంది. బుస మాత్రం లోపలి ప్రీఆంప్ కంటే కచ్చితంగా తక్కువ. ఆ మాట మీద నేను నిలబడతాను.

సోల్డర్_పాలమూరు

నిలబడు, అదీ నిజమే.

గడియారం_సెంటర్

దసరా అయ్యాక ఒక అప్‌డేట్. వీఎం95ఎంఎల్ సూది వచ్చింది. కాటాతో చూస్తే చక్రం మీది 2 గ్రాములకూ అసలు బరువుకూ తేడా ఉంది, సరిచేశాను. ప్రొట్రాక్టర్‌తో అలైన్‌మెంట్ చేశాను. రికార్డులు వీణ అక్క చెప్పినట్టు కడిగాను, నీళ్లు నల్లగా దిగాయి. ఇప్పుడు చివరి పాటలో 'స' వింటే 'స' లాగే ఉంది. బాగా అరిగిన రెండు మూడు ఈపీల్లో చిరగడం అలాగే ఉంది.

మోత సంగతి: ఆంప్లిఫయర్ దూరం జరపగానే సగానికి పైగా పోయింది. గ్రౌండ్ వైరు కలిపినా మిగతాది కదల్లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే ఎర్త్ వైరు ఊడి వేలాడుతోంది. బిగించాక ఆ మిగతాదీ పోయింది. పాటల మధ్య బుస మాత్రం ఉంది. ఇప్పుడు ప్రీఆంప్ కొనొచ్చా?

పాలమూరు_శ్రోత

ఇప్పుడు కొను. ఇప్పుడు నీకు మిగిలింది ప్రీఆంప్ జబ్బే. అరిగిన ఈపీల మీద బెంగ పెట్టుకోకు. వెనకటి రికార్డు ప్లేయర్ల సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు బరువుగా ఒత్తి గాడి గోడలనే చెక్కేశాయి. కొన్నిటికి మైక్రోలైన్ మేలు చేస్తుంది, పాత సూది తాకని చోట నడుస్తుంది కాబట్టి. గోడ మొత్తం పోయినచోట ఏ సూదీ ఏమీ చేయలేదు.

గడియారం_సెంటర్

ఏది తీసుకోవాలి? రెడీమేడా, సోల్డర్ అన్న కట్టిందా?

సోల్డర్_పాలమూరు

నా దగ్గరే కొనమని అనను. రెడీమేడ్‌లో మూడు చూడు: ఎంఎం గెయిన్ 40 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, ఇన్‌పుట్ కెపాసిటెన్స్ ఎంతో స్పెసిఫికేషన్‌లో రాసి ఉండాలి లేదా స్విచ్‌తో మార్చుకునే వీలుండాలి, చెవికి అందనంత అడుగు కంపనాన్ని కోసే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే మంచిది. ఆర్ట్ డీజే ప్రీ 2 లాంటి చవక పెట్టెలో కూడా కెపాసిటెన్స్ 100, 200 స్విచ్ ఉంది. డీఎల్-103 మీద ఆశ చావకపోతే ఎంఎం, ఎంసీ రెండూ ఉన్న షీట్ మానీ, ఐఫై జెన్ ఫోనో లాంటివి చూసుకో.

కట్టుకోవాలంటే కోఠి గుజరాతీ గల్లీలో సామానంతా దొరుకుతుంది. ఎన్‌ఈ5532 ఐసీ, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటర్లు. ఆర్‌ఐఏఏ భాగంలో సెరామిక్ డిస్క్ కెపాసిటర్లు పెట్టొద్దు, వాటి విలువ వేడికి మారుతుంది. రెండు ఛానెళ్ల కెపాసిటర్లను మీటర్‌తో కొలిచి జతలు కట్టుకో, లేకపోతే గొంతు మధ్యలో నిలబడదు. ఎంఎంకు 5532 చక్కగా సరిపోతుంది. 0.3 మిల్లీవోల్టుల ఎంసీకి అదొక్కటే చాలదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను పెట్టె బయట, వైరు చివర ఉంచు.

ఏది పెట్టినా, పోల్చేటప్పుడు రెండిటి శబ్దం సమానం చేసి విను. గెయిన్ ఒక డెసిబెల్ ఎక్కువున్నది ఎవరి చెవికైనా మంచిగానే వినిపిస్తుంది. 1 కిలోహెర్ట్జ్ టోన్ ఉన్న టెస్ట్ రికార్డు వేసి, స్పీకర్ వైర్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి వోల్టేజీ సమానం చేసి, అప్పుడు తేల్చుకో.

గడియారం_సెంటర్

కెపాసిటెన్స్ స్విచ్ ఉన్న రెడీమేడ్‌దే తెప్పించాను, వైరు అర మీటరుది. 100 దగ్గర పెట్టి వింటున్నాను. బుస పాటల మధ్య కూడా వినపడటం లేదు, వాల్యూమ్ బాగా పెంచి చెవి పెడితే తప్ప. హరికథలో మృదంగం కుడి ఎడమలు విడివిడిగా తెలుస్తున్నాయి. సూది మార్చినప్పుడు వచ్చినంత పెద్ద తేడా కాదు, కానీ వచ్చింది. డీఎల్-103 డబ్బుతో ప్రస్తుతానికి మంచి కవర్లు, బ్రష్ కొంటున్నాను. అందరికీ కృతజ్ఞతలు.

దేవరకొండ_రికార్డులు

ఈ చర్చ మొత్తం చదివాను. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా తాతగారి 78 ఆర్‌పీఎం రికార్డులు ఒక పెట్టెడు ఉన్నాయి. ఎల్‌పీ120ఎక్స్‌లో 78 స్పీడ్ ఉంది కదా, ఇదే సూదితో వేయొచ్చా?

పాలమూరు_శ్రోత

వద్దు తమ్ముడూ. 78ల గాడి చాలా వెడల్పు. ఎల్పీ సూది అడుగున పడి చెత్తలో దొర్లుతుంది, నీ సూదీ పోతుంది. 3 మిల్ మొన కావాలి. వీఎం95 బాడీకే ఎస్‌పీ అనే సూది దొరుకుతుంది, 78ల కోసమే చేసింది. దాని బరువు 5 గ్రాములు. చాలా ఆర్మ్‌ల చక్రం మీద గీతలు 3, 4 గ్రాములతో ఆగిపోతాయి కాబట్టి కాటాతోనే పెట్టాలి. మన దేశంలో 78లు 1960లలో కూడా వచ్చాయి కాబట్టి నీ పెట్టెలో ఏ కాలానివి ఉన్నాయో ముందు చూసుకో. 1954 కంటే ముందువి ఆర్‌ఐఏఏ కర్వ్‌తో కోసినవి కావు, మామూలు ప్రీఆంప్‌లో వాటి బాస్, ట్రెబుల్ తేడాగా వస్తాయి. టోన్ కంట్రోల్‌తో సర్దుకోవాలి. ఆంప్లిఫయర్‌లో మోనో స్విచ్ ఉంటే వెయ్, గాడి లోతులోంచి వచ్చే గరగర చాలా తగ్గుతుంది.

వీణ_వనపర్తి

కడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. 78లు లక్కతో చేసినవి, వినైల్ కాదు. వాటికి ఆల్కహాల్ ఉన్న క్లీనర్ తగిలితే పైపూత కరిగిపోతుంది. ఎల్పీల కోసం అమ్మే ద్రవాల్లో చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద చదివి వాడండి. నీళ్లలో నానబెట్టొద్దు. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి బ్రష్‌తో ఒకసారి తిప్పి వెంటనే పొడిగుడ్డతో ఒత్తి తుడవండి. అంచు చిట్లినవి, గీటు పడి చీలినవి ఉంటే ముందే వేరు చేసి పెట్టండి. అవి తిప్పితే సూది విరుగుతుంది.

దేవరకొండ_రికార్డులు

అర్థమైంది సార్, అక్కా. ఎస్‌పీ సూది ఆర్డర్ పెడుతున్నాను. పెట్టెలోని లేబుళ్లు, నంబర్లు రాసుకుని, ఏవి ఏ కాలానివో తేల్చుకోవడానికి వేరే చర్చ మొదలుపెడతాను.